బందరు బాటపై అంగళ్లు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వర్తక చరిత్రము



మన మహాసభ వార్షిక సంచికలలో కవుల చరిత్రములు, దేవాలయముల స్థలపురాణములు, ప్రసిద్ధ కుటుంబముల వంశవృక్షములు ప్రకటింపబడుచుండుట పరిపాటి. అవి యన్నియు నావశ్యకములే. కాని మన పెద్దలు ప్రొద్దుపొడుపు మొదలు దీపాలవేళ వఱకు కూర్చుండి జీవయాత్ర గడపిన స్థలమగు అంగడిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి యరుదు. తక్కెడకును గల్లాపెట్టెకును చరిత్ర యేమున్నదను తలంపే దీనికి కారణము కాబోలు. ఆ కొఱతను కొంతయైనను తీర్పవలెనని, హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముమీదను దాని చేరువను నెలకొన్న మూడు పట్టణముల యంగళ్లను గూర్చి నాకు తెలిసినంత విన్నవించుచున్నాను.

హైదరాబాదునకును విజయవాడకును నడుమ దూరము సుమారు 275 కిలోమీటర్లు. సూర్యాపేట ఆ రెంటికిని ఇంచుమించు నట్టనడుమ నున్నది. కోదాడ తెలంగాణమునకు తూరుపు వాకిలి; అటుపై కొలది దూరములోనే ఆంధ్రప్రదేశపు పొలిమేర. మిర్యాలగూడ ఈ బాటకు దక్షిణముగా, నార్కట్‌పల్లినుండి అద్దంకికి పోవు దారిమీద నున్నది. మూడును చిరకాలము నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా యేర్పడినపుడు కోదాడ దానిలో చేరెను. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను.

చిరకాలము ఒకే జిల్లాలో నుండిన యీ మూడు పట్టణములును మూడు వేఱువేఱు కారణములచేత అంగళ్ల పట్టణములైనవి. సూర్యాపేటను మజిలీ పోషించినది. కోదాడను పొలిమేర పోషించినది. మిర్యాలగూడను కాలువయు రైలును పోషించినవి. ఈ భేదము నెఱిగినగాని, నేడు మన యంగళ్లకు వచ్చియున్న యిక్కట్టు ఎట్టిదో, దానికి మనము చేయదగిన దేమో తెలియదు.

పేట, మడిగ

ఈ నేలపై క్రయవిక్రయములు నిన్న మొన్న పుట్టినవి కావు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండమీద గొప్ప బౌద్ధారామ ముండెను. అచ్చట 2024వ సంవత్సరమున పురావస్తు శాఖవారు త్రవ్వగా ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయల్పడినవి. అవి ఇక్ష్వాకుల కాలమువని పరిశోధకులు నిర్ణయించిరి. సీసపు నాణెము నిక్షేపముగా దాచుకొనదగిన బంగారము కాదు. చిల్లర బేరములకు పనికివచ్చు రొక్కము. అంతటి చిల్లర యొక్కచోట పోగుపడినదనగా, ఆ కొండ చేరువ నిత్యము కొనువారును అమ్మువారును ఉండిరనియే యూహింపవలెను. కృష్ణా తీరపు ఆరామములనుండి లోనాటి కూళ్లకు వచ్చు భిక్షువులును సార్థవాహులును నడచిన దారులు ఈ ప్రాంతముననే యుండెను.

కాకతీయుల నాటికి సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి రేచెర్ల రెడ్ల రాజధానియై విలసిల్లెను. ఎఱకేశ్వరాలయమును క్రీ.శ. 1208లో రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ కట్టించెను. అట్టి శిల్పసంపద వెలసిన చోట నూనె, వస్త్రము, గంధము, లోహము తెచ్చి యమ్మువారు లేకుండ గుడి దీపము వెలుగదు. ఆ కాలమున పెక్కండ్రనియు నానాదేశులనియు పిలువబడిన వర్తక శ్రేణులు ఆంధ్రదేశమంతటను సంచరించుచు, తమలో తాము కట్టుబాటు లేర్పఱచుకొని, గుళ్లకు దానములు చేసిరి. గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనము జగద్విదితము. ఓడ పగిలి యొడ్డుకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, తాము న్యాయమైన సుంకము మాత్రము తీసికొని తక్కినది వర్తకునికే విడుతుమనియు దాని తాత్పర్యము. వర్తకునికి రాజు చేయగలిగిన మేలు సుంకము మానుట కాదు, సుంకము ఇంత యని ముందుగా చెప్పి ఆ మాటపై నిలుచుట, అను నీతి ఆ శాసనమునందు కలదు. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ముందు దీనితో పని యున్నది.

మన పట్టణముల పేళ్లును కొంత చరిత్ర చెప్పుచున్నవి. భానుపురి యను నామాంతరముగల సూర్యాపేటలోని ‘పేట’ యను పదమునకు అంగళ్లుగల వాడ యని యర్థము. కోటకు వెలుపల, బాటకు ప్రక్కన, బేరగాండ్రు కాపురముండు చోటు పేట. ఇక దుకాణమునకు మన ప్రాచీన పదము ‘మడిగ’. కన్నడమున ‘మళిగె’ యందురు. హైదరాబాదు ఉర్దూలో అంగడి గదికి వాడుకలోనున్న ‘ముల్గి’ యను మాటయు ఈ కుదుటినుండియే వచ్చియుండవచ్చును. అట్లైనచో తెలుగు మాట ఉర్దూలోనికి పోయి, వేషము మార్చుకొని, మఱల మన అద్దె కాగితములలోనికి వచ్చినదన్నమాట. మిర్యాలగూడ పేరు వినగానే మిరియాలు తలపునకు వచ్చుట సహజమే గాని, కేవల శబ్దసామ్యముమీద చరిత్ర కట్టుట తగదు.

బందరు బాట

గోల్కొండ సుల్తానుల కాలమున ఈ రాజ్యమునకు సముద్రపు వాకిలి మచిలీబందరు. 17వ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. కలంకారీ వస్త్రములు, ఉక్కు, నీలిమందు, కృష్ణాతీరపు గనులలోని వజ్రములు గోల్కొండకును బందరునకును నడుమ ప్రయాణము చేసినవి. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆ దారిలోని మజిలీల పట్టికను వ్రాసిపెట్టెను. పంతంగి, పానగల్లులను పోలిన పేళ్లు అందు కనబడుచున్నవి. అప్పటి దారియు ఇప్పటి దారియు అడుగడుగునను ఒక్కటి కాదు. ఏళ్లు, చెఱువులు, కొండలు, రాజుల యవసరములు దారిని కొంత యిటు కొంత యటు జరిపినవి. కాని పడమట నగరము, తూరుపున రేవు, ఈ రెంటిని కలుపు బాట యను సూత్రము మాత్రము మాఱలేదు.

ఆ బాటపై సామాన్య జనులకు ముఖ్యమైన సరకు వజ్రము కాదు, ఉప్పు. తీరమునుండి ఉప్పును ఎద్దులపై వేసికొని లంబాడీలు వందలకొలది పశువులతో లోనాటికి వచ్చుచుండిరి. తిరిగి పోవునపుడు ధాన్యమును, ప్రత్తిని కొనిపోవుచుండిరి. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములందు నేడు కనబడు లంబాడీ తండాలను చూచునపుడు, మన యంగళ్లకు తొలుత సరకు మోసినవారు వారి పూర్వులే యను కృతజ్ఞత మనకు ఉండవలెను.

1802లో నిజాము ప్రభువునకును ఆంగ్లేయ కుంపినీకిని జరిగిన వర్తక సంధివలన బందరు రేవును వాడుకొను హక్కు నిజామునకు లభించెను. ఇరుపక్షముల సరకులపై సుంకము నూటికి 5 వంతున మించరాదని నిర్ణయమయ్యెను. అటుపిమ్మట 1874లో సికిందరాబాదు వాడి జంక్షనుతోను, 1889లో వరంగల్లు, డోర్నకల్లుల మీదుగా బెజవాడతోను రైలుమార్గముచే కలుపబడెను. ఇది మన బాటకు మొదటి దెబ్బ. దూరపు సరకంతయు రైలెక్కి ఖమ్మము, వరంగల్లుల వైపు తరలిపోయెను. బండ్లబాటకు ఇరుగుపొరుగు సరకే మిగిలెను. సూర్యాపేటకుగాని కోదాడ పట్టణమునకుగాని నేటికిని రైలు స్టేషను లేదు. పటమున కనబడని యీ లేమియే యా రెండు పట్టణముల స్వభావమును తీర్చిదిద్దినది. రైలు లేనిచోట బాటయే సర్వస్వము.

రైలు తీసికొనిపోయినదానిని మోటారు తిరిగి తెచ్చెను. 1932 జూనులో నిజాము రైల్వే శాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. క్రమముగా ఈ బాటపై బస్సు నడచెను. బస్సు వచ్చుటతోడనే అంగడి ముఖము తిరిగినది. అంతకు మునుపు గుడిని, గడీని, చావడిని చూచి కట్టబడిన దుకాణములు ఇక బస్సు నిలుచు చోటును చూచి కట్టబడసాగెను. సూర్యాపేట నడిమజిలీ యగుటచే ప్రయాణికులు దిగి, కాళ్లు చాచుకొని, నీరు త్రాగి, ఫలహారము చేయుట అచ్చటనే యయ్యెను. కాఫీ హోటలు, సోడా దుకాణము, పండ్ల బండి, టైర్లు బాగుచేయు కొట్టు, రాత్రివేళ వెలుగు మందుల షాపు, ఇవన్నియు ఆ పావుగంట నిలుపుదల కన్న బిడ్డలు.

నాకా, రెండు నాణెములు, వెట్టి

కోదాడ సంగతి వేఱు. నిజాము రాజ్యమునకు సొంత సుంకపు శాఖ యుండెను. దానికి కరోడ్‌గిరి యని పేరు. పొలిమేర దాటు ప్రతి మూటను నాకావద్ద విప్పవలసినదే. అందుకుతోడు కోదాడకును సూర్యాపేటకును నడుమనున్న మునగాల పరగణా ఆంగ్లేయుల యేలుబడిలోని కృష్ణా జిల్లాలో చేరియుండెను. నలుదెసల నిజాము నేల, నడుమ ఆంగ్లేయ భూమి! ఒకే బాటపై పోవు బండివాడు గడియలోపల రెండు ప్రభుత్వములను దాటవలసి వచ్చుచుండెను. ఆ చిన్న పరగణాయే తెలుగు నేలకు గొప్ప యుపకారము చేసినది. మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారును, వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించుటయందు ప్రముఖులు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినదియు వారి యుద్యమమువలననే.

పొలిమేరయందు వర్తకము చేయువానికి నాణెముల చిక్కు మఱియొకటి. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. ఇంచుమించు ఆఱు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకము. చిట్టాలో రెండు వరుసలు వేయనివాడు సాయంకాలమునకు నష్టపోవును. మానిక, తవ్వ, సోల, గిద్దె యను కొలతలు ఊరూరికి కొంత తేడా. అక్షరములు రానివారితో బేరము, అధికారులతో ఉర్దూ, బెజవాడ వర్తకులతో తెలుగు, లెక్కలో రెండు నాణెములు. నాటి పొలిమేర దుకాణదారునకు పాఠశాల చదువు లేకపోయినను పాండిత్యము లేదనరాదు.

సుంకముకంటె మిన్నయైన బాధ యింకొకటి యుండెను. దౌరా వచ్చిన యధికారులకు బియ్యము, నేయి, పప్పు, వంటచెఱకు అంగళ్లవారు సమకూర్పవలెను. వెల వారిచ్చినంత, కొన్నిచోట్ల ఏమియు లేదు. చేతిపనివారికి, దళితులకు వెట్టి చాకిరి దీనికి నూఱురెట్లు ఘోరముగా నుండెను. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము తొలుత చేపట్టిన పనులలో వర్తకుల యీ కష్టములును, వెట్టియు ముఖ్యమైనవి. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఫర్మానాలను, గస్తీలను వెదకి తీసి, తెలుగున చిన్న పుస్తకములుగా ప్రకటించి, ‘చట్టమిట్లున్నది, మీరు భయపడ నక్కఱలేదు’ అని ఊరూరను చాటిరి. 1922లో నల్లగొండనుండి వెలువడిన నీలగిరి పత్రికయు, 1926లో వెలసిన గోలకొండ పత్రికయు ఆ ధైర్యమును వ్యాపింపజేసినవి. 1941లో కోదాడ చేరువనున్న చిలుకూరున ఆంధ్రమహాసభ రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన జరిగెను. ఒక కాగితము చేతనుండుట వర్తకునికి ఎంత బలమో ఆ తరమువారు చూపిరి.

1947–48 సంవత్సరములలో పొలిమేర బిగిసినది. ఇటు రజాకారుల దౌర్జన్యము, అటు సరకుల నిర్బంధము. అనేక కుటుంబములు అంగళ్లకు తాళములు వేసి జగ్గయ్యపేట, బెజవాడలకు వలసపోయెను. 1948 సెప్టెంబరు 13వ తేదీ యుదయమున భారత సేనలు బెజవాడ వైపునుండి ఈ బాటవెంటనే వచ్చి కోదాడ ప్రవేశించి, నాడే మునగాల చేరెను. మఱునాడు సూర్యాపేట వశమయ్యెను. వెనుకకు పోవుచు నిజాము సేనలు మూసీ వంతెనను పాడుచేసెను గాని అది త్వరలోనే బాగుచేయబడెను. ఉప్పు మోసిన బాటయే స్వాతంత్ర్యమును మోసినది. అనంతరము కరోడ్‌గిరి నాకాలును, హాలీ నాణెమును క్రమముగా తొలగినవి. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి అణాలు పోయి నయాపైసలు వచ్చెను. పిమ్మట కొలది యేండ్లలో సేరు, మణుగులకు బదులు కిలోగ్రాములు వచ్చెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడుటతో పొలిమేర చెఱిగిపోయినది. కోదాడ పొలిమేర యూరు కాక, కూడలి యూరయ్యెను.

కాలువయు రైలును

మిర్యాలగూడ భాగ్యము నీటివలన వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహరలాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టున ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమగట్టుది లాల్‌బహదూరు కాలువ. అది మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతముల మెట్ట నేలను మాగాణిగా మార్చెను. జొన్నలు, ఆముదాలు పండిన చోట వరి పండెను. కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి. ధాన్యమున్న చోటికి మిల్లు వచ్చును. మిల్లున్న చోటికి లారీ వచ్చును. 1980ల దశాబ్దమున బీబీనగరు–నడికుడి రైలుమార్గము నెలకొనుటతో, అటు సికిందరాబాదునకును ఇటు గుంటూరునకును దారి తెఱువబడెను. అందుచేత మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణముగా పేరొందెను.

మిల్లు ఒంటరిగా నుండదు. గోనెసంచులు, టార్పాలిను పట్టాలు, రబ్బరు రోలర్లు, బెల్టులు, విద్యుత్తు మోటార్లు, తవుడునుండి నూనె తీయు కర్మాగారములు, హమాలీలు తిను భోజనశాలలు దానిని చుట్టుకొనియుండును. ఇక రైతుకును అంగడికిని గల సంబంధము మఱియొక చక్రము. నాటునాటికి విత్తనము, ఎరువు, పురుగుమందు అరువు, కోతనాటికి ధాన్యము, అడ్తిదారు లెక్క, దడువాయి తూకము, చేతికి తక్‌పట్టీ కాగితము, పాతబాకీ పోగా మిగిలినదానితో పెండ్లి బట్టలు, బంగారము. వాన తప్పినను, కాలువకు నీరు రాకున్నను చక్రము నిలిచిపోవును. సాగరమున నీరు లేని యేట మిర్యాలగూడ బట్టల కొట్టులో దీపావళి యుండదు. ఈ చక్రమున రైతు నష్టపోకుండుటకే 1930లో నిజాము రాష్ట్రమున వ్యవసాయ మార్కెట్ల చట్టమును, 1966లో ఆంధ్రప్రదేశ చట్టమును వచ్చినవి. తూకములో మోసము జరిగిన చోట్ల మనవారును ఉండిరని యొప్పుకొనుటకు సిగ్గుపడ నక్కఱలేదు, దాచుటకే సిగ్గుపడవలెను.

ఇచ్చట నొక సత్యమును చెప్పక తప్పదు. ఈ మూడు పట్టణముల యంగళ్లు ఏ యొక్క కులమువారి సొత్తును కావు. నేతగాండ్రు, కంసాలులు, కుమ్మరులు, ముస్లిము వర్తకులు, మార్వాడమునుండియు గుజరాతునుండియు వచ్చినవారు, తీరప్రాంతమునుండి వచ్చినవారు, సంచారముచేసి గాజులును బొమ్మలును అమ్మువారు అందఱును కలసి కట్టిన బజారు లివి. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకమారు జరుగు లింగమంతుల జాతరలో యాదవ సోదరులు మొక్కు చెల్లింతురు. ఆ దినములలో బజారుకు వచ్చు సందడి యందఱి గల్లాలను నింపును. తన కులపు చరిత్ర వ్రాయువాడు పొరుగువాని చెమటను మఱచినచో అది చరిత్ర కాదు, స్తోత్రము.

నాలుగు వరుసల దారి

ఈ బాట చిరకాలము 9వ జాతీయ రహదారి. 2010లో సంఖ్యలు మార్చినపుడు 65వ దయ్యెను. 2012 చివరకు ఇది నాలుగు వరుసల రహదారిగా విస్తరింపబడి, పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లులయందు టోలు గేట్లు నెలకొన్నవి. తావెర్నియే పట్టికలోని పేరును పోలిన పంతంగిలోనే నేడు మన కారు నిలిచి సుంకము చెల్లించుట విచిత్రము.

కొత్త దారి ప్రాణములను, కాలమును కాపాడుటకు అవసరమే. ఇరుకు బాటపై జరిగిన ప్రమాదములు ఎఱిగినవారెవ్వరును దానిని కాదనరు. కాని అంగళ్ల పక్షమున జరిగినదేమి? పూర్వము ప్రతి బస్సు, ప్రతి లారి పట్టణపు నడివీధినుండి పోవుచుండెను. నేడు దూరప్రయాణపు బండి వెలుపలి దారి పట్టి, పట్టణము పేరును పలకమీద చదువుకొని సాగిపోవుచున్నది. మజిలీ పట్టణమునుండి లేచి రహదారి ప్రక్కకు పోయెను. విశాలమైన కారు నిలుపు స్థలముతో, వెలుగుల పలకలతో అచ్చట వెలసిన భోజనశాలలు పాత హోటళ్ల యాదాయమును కొనిపోయినవి. పెట్టుబడి యున్నవాడు బాటవెంట జరిగెను. లేనివాడు పాత బాటవద్ద మిగిలెను.

నేనెఱిగిన యొక పాత దుకాణము సంగతి చెప్పెదను. బస్సు నిలుచు చోటికి ఎదురుగా మూడు తరములు సోడా, బిస్కత్తులు, పండ్లు అమ్మి ఇద్దఱు ఆడుబిడ్డలకు పెండ్లిండ్లు చేసిన కొట్టు అది. కొత్త దారి వచ్చిన పిమ్మట రెండేండ్లు యజమాని పాత బస్సుల వేళకు అలవాటుగా సోడా బుడ్లు తుడిచి పెట్టుచుండెను. మూడవయేట బుడ్లు అమ్మివేసి, పుస్తకములు, పలకలు తెచ్చి పెట్టెను. ఇప్పుడు చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు అచ్చటికి వచ్చెదరు. ‘బాటమీద పోవువాడు మఱల రాడు, పల్లెనుండి వచ్చువాడు మఱల వచ్చును’ అని ఆయన నాతో ననెను. వర్తకశాస్త్రమున ఇంతకు మించిన సూత్రము నేను చదువలేదు.

మఱొకవైపు పట్టణము నడుమ అంతస్తులుగల వస్త్రాలయములు, బంగారు నగల దుకాణములు, ఒకే కప్పు క్రింద సకలమును అమ్ము బజారులు వెలసినవి. 2011 జనాభా లెక్కలనాటికే సూర్యాపేటయు మిర్యాలగూడయు లక్ష దాటిన పట్టణములు. పెద్ద సంస్థలు రాకుండునా? ఇంటినుండి కదలక ఫోనుమీద సరకు తెప్పించుకొను పద్ధతియు వచ్చినది. ఇవి కాలధర్మములు. వానిని శపించుటవలన లాభము లేదు.

పొలిమేర మఱల వచ్చినది

2014 జూను 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మవతరించుటతో కోదాడ మఱల పొలిమేర యూరయ్యెను. కొంతకాలము పన్నుల చెక్‌పోస్టులయందు లారీలు వరుసలు కట్టెను. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చినపుడు అవి తొలగెను. నూఱేండ్ల క్రిందటి కరోడ్‌గిరి నాకాను తలచిన వృద్ధులకు ఇది గొప్ప విముక్తి. కాని పొలిమేర యెపుడు మేల్కొనునో చెప్పరాదు. 2020 ఏప్రిలులో కరోనా వ్యాధి సూర్యాపేట మార్కెటు బజారునందు వ్యాపించి పట్టణమంతయు మూతపడెను. 2021 మే నెలలో కోదాడ చేరువ రామాపురము కూడలియందు ఆంధ్రనుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవు రోగుల బండ్లు నిలిపివేయబడగా, ఉన్నత న్యాయస్థానము కలుగజేసికొనవలసి వచ్చెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన భారీ వర్షములకు పాలేరు పొంగి గరికపాడు వద్ద వంతెన దారి కోసుకొనిపోగా, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు నిలిచెను. బాటను నమ్మినవాడు బాట తెగినప్పుడు ఏమగునో ఆ దినములలో కోదాడ యంగళ్లు చూపినవి.

మన కర్తవ్యము

ఈ రహదారిని ఆఱు వరుసలుగా విస్తరింపవలెనను ప్రయత్నము సాగుచున్నది. పట్టణములలోని పాత వీధులను వెడల్పుచేయు పనులును వచ్చుచుండును. అట్టి సమయమున నష్టపరిహార మెవ్వరికి? 2013 నాటి భూసేకరణ చట్టము భూమి యజమానులనే గాక, సేకరణకు ముందు మూడు సంవత్సరములు ఆ స్థలముమీద ఆధారపడి బ్రదికిన కౌలుదార్లను, చేతిపనివారిని, తదితరులను గూడ బాధిత కుటుంబములలో చేర్చినది. 2014 నాటి వీధి వర్తకుల చట్టము తోపుడుబండివానికిని గుర్తింపు, కాపుదల కల్పించినది. కాని తాను అచ్చట నుంటినని వర్తకుడు నిరూపించుట యెట్లు? అద్దె రసీదు, లైసెన్సు, విద్యుత్తు బిల్లు, లెక్కల పుస్తకము, వీనివలననే. తండ్రి నోటిమాటమీద తీసికొన్న మడిగకు కాగితము లేని కొడుకు, యంత్రము వచ్చి గోడను కూల్చునపుడు, చూచుచు నిలువవలసినదే.

కనుక మన సభవారికి మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: ప్రతి దుకాణదారుడును, అద్దెవాడైనను, తన యంగడి కాగితములను ఒక్కచోట చేర్చి నకళ్లు తీయించుకొనునట్లు మన శాఖలవారు సాయపడవలెను, ఈ సాయము మన కులమువారికే పరిమితము కారాదు. రెండవది: పాత యిండ్ల అటకలపై చిట్టాలు, ఆవర్జాలు, కరోడ్‌గిరి రసీదులు, ఉర్దూ లైసెన్సులు చెదలు తినుచున్నవి, పాతకాగితముల బండివానికి కిలోల లెక్కన పోవుచున్నవి. వానిని సేకరించి, ఉర్దూ చదువగల పెద్దలు జీవించియుండగానే చదివించి వ్రాయించుకొనవలెను. అవి చరిత్రకును ఆధారములు, హక్కునకును ఆధారములు. మూడవది: యువకులకు నూతన లెక్కల పద్ధతిని, పన్నుల పత్రములను పూర్తిచేయు విధమును నేర్పు తరగతులు మూడు పట్టణములందును నెలకొల్పవలెను.

గణపతిదేవుని శాసనమున వర్తకుడు కోరినది, ఆంధ్రజనసంఘము నాడు వర్తకుడు కోరినది, నేడు పాత బాటపై మిగిలిన దుకాణదారుడు కోరునది ఒక్కటియే. ధర్మమైన పన్ను ఇంతయని ముందుగా తెలుపవలెను. తీసికొనదలచిన స్థలము ఇంతయని ముందుగా చెప్పవలెను. చెప్పిన మాటపై నిలువవలెను. దానికి బదులుగా వర్తకుడు ప్రజల కీయవలసినది సరియైన తూకము, సరియైన వెల, కష్టకాలమున అరువు. ఈ యొడంబడిక నిలిచినంతకాలము బాట యెటు తిరిగినను అంగడికి పల్లె వచ్చుచునే యుండును.

దోషములున్న మన్నించి, తమ యిండ్లలోని పాత పుస్తకములను ఒకమారు దుమ్ము దులిపి చూడుడని పాఠక మహాశయులను ప్రార్థించుచు విరమించుచున్నాను.